మేనమామ ఇల్లా, బిషప్ ఇల్లా? స్వీడన్ బాల్యం సినిమాల్లో ఏది ముందు చూడాలి

నాలుగేళ్ల కిందట మా పిన్ని కూతురు ఫోన్ చేసి, "అక్కా, శనివారం వాడితో కలిసి చూడ్డానికి ఒక మంచి సినిమా చెప్పు. మరీ ఏడిపించేది వద్దు" అంది. వాడంటే దాని కొడుకు, అప్పటికి తొమ్మిదేళ్లు. నేను పెద్దగా ఆలోచించకుండా "మై లైఫ్ యాజ్ ఎ డాగ్" అని చెప్పేశాను. పల్లెటూరు, వేసవి, అల్లరి పిల్లాడు, కుక్క. ఇంకేం కావాలి?

ఆదివారం పొద్దున్నే మళ్లీ ఫోన్. "ఏడిపించేది వద్దన్నానా లేదా?" అన్నది మొదటి మాట. రెండోది, మధ్యలో రెండుసార్లు రిమోట్ కోసం తడుముకోవాల్సి వచ్చిందట. మూడోది వాడి ప్రశ్న. "ఆ కుక్కని నిజంగా ఎక్కడికి పంపించారు?" అని పడుకునేదాకా అడుగుతూనే ఉన్నాడట.

సినిమాలో ఏ లోపమూ లేదు. ఎవరితో చూస్తున్నారో అడక్కుండా సలహా పారేసింది నేను. ఆ తర్వాత ఎవరైనా స్వీడన్ సినిమా చెప్పమంటే ముందు రెండు సంగతులు కనుక్కుంటున్నాను. పక్కన ఎవరు కూర్చుంటారు? ఆ రాత్రి మీరు ఎంత దుఃఖం మోయగలరు? ఎందుకంటే స్వీడన్ వాళ్లు బాల్యం మీద తీసిన మంచి సినిమాలన్నిట్లో పిల్లలకి ఏదో ఒక దెబ్బ తగిలి ఉంటుంది. తేడా అంతా ఆ దెబ్బని వాళ్లు ఎక్కడ దాచుకుంటారన్న దాంట్లోనే. ఒకడు అబద్ధాల్లో దాచుకుంటాడు, ఒకడు జేబులో కత్తి పెట్టుకుంటాడు, ఒకమ్మాయి డ్రమ్స్ వాయిస్తుంది. మీకు ఏది పడుతుందో చూసుకోవాలి.

అన్నిటికంటే ముందు ఆ కుక్క సినిమా సంగతి చెప్పాలి. మిగతావాటిని నేను దాని పక్కన పెట్టే కొలుస్తాను.

1985లో వచ్చింది. దర్శకుడు లాసె హాల్‌స్ట్రోమ్. రేదార్ యోన్సన్ రాసిన, చాలావరకు ఆయన సొంత బాల్యమే అయిన నవల దీనికి ఆధారం. హాల్‌స్ట్రోమ్ అంతకుముందు స్వీడన్ పాప్ బృందం అబ్బా పాటల వీడియోలు తీసేవాడు. ఈ సినిమా అమెరికాలో ఆడాక ఆయనకి దర్శకత్వానికీ, స్క్రీన్‌ప్లేకీ ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. గోల్డెన్ గ్లోబ్ కూడా వచ్చింది. హాలీవుడ్ పిలిచింది. ఓం పురి నటించి, రెహమాన్ సంగీతం ఇచ్చిన "ద హండ్రెడ్ ఫుట్ జర్నీ" ఈయనదే. రైల్వే స్టేషన్ దగ్గర యజమాని కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే కుక్క కథ "హాచీ" కూడా ఈయనదే. మనవాళ్లలో హాచీ చూసి ఏడవనివాళ్లు తక్కువ. ఆ ఏడుపుకి మొదటి ముడి ఇక్కడ పడింది.

స్వీడిష్‌లో పేరు "మిట్ లీవ్ సోమ్ హుండ్". కుక్కగా నా జీవితం అని. తెలుగులో "కుక్క బతుకు" అంటే తిట్టు. ఈ సినిమాకి ఆ తిట్టు సగం సరిపోతుంది. మిగతా సగం నిజం కుక్కలు, ఒకటి కాదు, రెండు. ఒకటి ఆ పిల్లాడి పెంపుడు కుక్క సిక్కాన్. రెండోది లైకా.

1957 నవంబరు 3న సోవియట్ వాళ్లు స్పుత్నిక్ 2లో లైకాని అంతరిక్షంలోకి పంపారు. మాస్కో వీధుల్లో తిరిగే కుక్క అది. వెనక్కి తెచ్చే ఏర్పాటు ఏదీ లేదు, ఆ సంగతి పంపినవాళ్లకి ముందే తెలుసు. సినిమా మొదలయ్యేది ఆ మరుసటి ఏడాది. పన్నెండేళ్ల ఇంగెమార్ రాత్రుళ్లు నక్షత్రాల కేసి చూస్తూ లైకా గురించే ఆలోచిస్తాడు. తిండి అయిపోయేదాకా అలా తిరుగుతూనే ఉందని వాడి నమ్మకం. మనతో పోల్చుకుంటే దాని సంగతేమిటి అంటాడు. పేపర్లో చదివిన ప్రమాదాలన్నీ అలాగే పోగేసుకుంటాడు. ఆటస్థలానికి అడ్డంగా నడుస్తూ జావెలిన్ తగిలి పోయిన మనిషి, కొత్త కిడ్నీ పెట్టినా బతకని మనిషి. వాటి పక్కన పెడితే నాకు వచ్చిన కష్టం ఎంత అని లెక్క. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు చెప్పే ఓదార్పే ఇది. "దాని కంటే నయం కదమ్మా" అంటారే, అది. కాకపోతే ఇక్కడ చెప్పడానికి పెద్దవాళ్లెవరూ లేరు, పిల్లాడే తనకి తాను చెప్పుకుంటున్నాడు.

ఒక ముక్క ఇక్కడే చెప్పాలి. లైకా నిజానికి వేడి తట్టుకోలేక కొన్ని గంటల్లోనే చనిపోయిందని 2002లో బయటపడింది. సినిమా తీసినవాళ్లకి 1985లో అది తెలిసే దారి లేదు. ఇంగెమార్ ఊహించుకున్న ఆకలి చావు జరగలేదు. అది తెలిశాక రెండోసారి చూస్తే ఆ నక్షత్రాల షాట్ ఇంకో రకంగా గుచ్చుకుంటుంది.

కథ పెద్దగా ఏమీ లేదు. అమ్మ జబ్బు మనిషి. ఇద్దరు కొడుకుల అల్లరి ఆమె ఓపికకి మించిపోయింది. నాన్న దూరంగా ఎక్కడో ఉన్నాడు, రాడు. అన్నని ఒకచోటికి, తమ్ముణ్ణి ఇంకోచోటికి పంపుతారు. కుక్కని ఇంకెక్కడికో. ఇంగెమార్ వెళ్లేది దక్షిణ స్వీడన్‌లోని స్మోలాండ్‌లో ఒక గాజు ఫ్యాక్టరీ ఊరికి, మేనమామ గున్నార్ దగ్గరికి.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి, ఇది ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌లో దొరకదు. అందులో "అంకుల్ గున్నార్" అని పడుతుంది. స్వీడిష్‌లో వాడు పిలిచేది "మూర్‌బ్రూర్" అని. అంటే అమ్మ సోదరుడు. నాన్న సోదరుడైతే "ఫార్‌బ్రూర్". అమ్మమ్మ "మూర్‌మూర్", నాన్నమ్మ "ఫార్‌మూర్". మనలాగే వాళ్లకీ అమ్మ వైపు, నాన్న వైపు వేరు వేరు మాటలు ఉన్నాయి. ఇంగ్లీషు మధ్యలో వచ్చి రెండు వైపులనీ కలిపి ముద్ద చేసేస్తుంది. కాబట్టి తెరమీద అంకుల్ అని పడినప్పుడల్లా మీరు మేనమామ అని చదువుకోండి. సినిమా రంగు మారిపోతుంది. అమ్మకి బాగోలేనప్పుడు పిల్లాణ్ణి మేనమామ ఇంటికి పంపడం మనకి ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు.

ఆ మేనమామ ఒక పాటనే అరిగిపోయేలా గ్రామఫోన్‌లో పెట్టుకుని వింటాడు. తోటలో ఒక చిన్న వేసవి గది కట్టుకుంటాడు. కింది వాటాలో మంచం పట్టిన ముసలాయన ఆడవాళ్ల లోదుస్తుల కేటలాగు ఇంగెమార్ చేత రహస్యంగా చదివించుకుంటాడు, వార్తలు చదివినట్టు. ఒకాయన ఎప్పుడు చూసినా పైకప్పు ఎక్కి సుత్తితో కొడుతూనే ఉంటాడు. ఒక పిల్లాడికి జుట్టు ఆకుపచ్చ. ఎందుకో ఎవరూ అడగరు. ఇలాంటి ఊరు తీయడం తేలిక కాదు. ఒక్క వీసం ఎక్కువైతే సర్కస్ అయిపోతుంది. హాల్‌స్ట్రోమ్ ఎవర్నీ వింతగా చూపించడు. మన ఊళ్లో పిచ్చి వేషాలేసేవాళ్లని మనం ఎలా చూస్తామో అలా చూస్తాడు. నవ్వుకుంటాం, మళ్లీ పని చూసుకుంటాం.

నేను మర్చిపోలేనిది పాల గ్లాసు. ఇంగెమార్ పదిమందిలో పాలు తాగలేడు. గ్లాసు ఎత్తుతాడు, చెయ్యి వణుకుతుంది, పెదాల దాకా వచ్చేసరికి పాలన్నీ ముఖం మీదా చొక్కా మీదా పడతాయి. చూసేవాళ్లకి అది అల్లరిలా ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నేనూ నవ్వాను. వాడు కావాలని చేయడం లేదని కాసేపటికి అర్థమవుతుంది. ఏడవని పిల్లాడి ఒంట్లో ఏడుపు ఎక్కడికి పోతుందో ఆ ఒక్క గ్లాసుతో చూపించాడు. ఆ పాత్ర వేసిన ఆంటోన్ గ్లాన్సేలియస్‌కి ఆ ఏడాది స్వీడన్ జాతీయ అవార్డు, గుల్‌బాగె, ఉత్తమ నటుడిగా ఇచ్చారు. పిల్లాడు కదా అని ప్రోత్సాహక బహుమతితో సరిపెట్టలేదు.

ఇంకోటి సముద్రం ఒడ్డు. సినిమాలో మళ్లీ మళ్లీ వస్తుంది. అమ్మ ఆరోగ్యంగా ఉన్నప్పుడు, వాడు ఏదో కోతి వేషం వేస్తుంటే పగలబడి నవ్వుతూ ఉంటుంది. ఓపిక ఉన్నప్పుడే ఆమెకి అన్నీ చెప్పేసి ఉండాల్సింది అని వాడి గొంతు వినిపిస్తుంది. ఆమె నవ్వితే బాగవుతుందని వాడి ఆశ. మంచం మీద ఉన్న అమ్మకి కథలు చెప్పి నవ్వించబోతాడు.

ఇంతకీ మా చెల్లి రిమోట్ వెతుక్కున్న చోట్లు. కేటలాగు చదివించుకునే దృశ్యం ఒకటి. ఊళ్లో ఒకమ్మాయి శిల్పి కోసం నగ్నంగా మోడల్‌గా నిలబడే దృశ్యం రెండోది. ఇంగెమార్ తోడు వెళ్లి, కుతూహలం ఆపుకోలేక పైకప్పు అద్దం మీదకెక్కి కింద పడతాడు. పెద్ద పిల్లల శరీర కుతూహలం మీద ఇంకా కొన్ని క్షణాలున్నాయి. అన్నీ అమాయకంగానే ఉంటాయి, కానీ హాల్లో తాతగారు కూడా కూర్చుంటే టెన్షన్ తప్పదు. నా మాట అడిగితే పదమూడు నిండాక చూపించండి. ముందు మీరు ఒకసారి చూసి ఉంటే ఇంకా నయం.

ఇప్పుడు రెండో సినిమా. ఇంగ్మార్ బెర్గ్‌మాన్ 1982లో తీసిన "ఫానీ అండ్ అలెగ్జాండర్". ఈ రెంటిలో ఏది అని నన్ను ఎక్కువమంది అడుగుతారు, ఎందుకంటే స్వీడన్, బాల్యం, ఆస్కార్ అని వెతికితే వచ్చేవి ఈ రెండే. దీనికి నాలుగు ఆస్కార్లు వచ్చాయి. విదేశీ చిత్రం, ఛాయాగ్రహణం, కళ, దుస్తులు.

ఇవి రెండూ ఒకే దారిలో ఎదురెదురుగా నడిచే సినిమాలు. ఇంగెమార్ ఇరుకు ఇంట్లోంచి బయల్దేరి, అందరికీ చోటున్న ఊళ్లోకి వస్తాడు. అలెగ్జాండర్ అందరికీ చోటున్న ఇంట్లోంచి బయల్దేరి ఇరుకులో పడతాడు. 1907లో క్రిస్మస్ రాత్రితో మొదలవుతుంది. నాన్నమ్మ హెలెనా, ఆమె ముగ్గురు కొడుకులు, కోడళ్లు, పనివాళ్లు, ఎర్రటి పరదాలు, బల్ల నిండా భోజనం. ఒక బాబాయి పిల్లల్ని మెట్ల మీద కూర్చోబెట్టి అపానవాయువుతో కొవ్వొత్తులు ఆర్పి చూపిస్తాడు. బెర్గ్‌మాన్ అంటే అర్థం కాని మౌనాలు అని భయపడేవాళ్లు ఈ దృశ్యం ఒక్కటి చూడండి, భయం పోతుంది. ఉమ్మడి ఇంట్లో పండగ తెలిసినవాళ్లకి ఆ మొదటి గంట కొత్తగా ఉండదు.

తర్వాత నాన్న పోతాడు. నాటకంలో దెయ్యం పాత్ర రిహార్సల్ చేస్తూ కుప్పకూలతాడు. అమ్మ ఒక బిషప్‌ని పెళ్లి చేసుకుంటుంది. ఆ బిషప్ ఇంట్లో గోడలు ఖాళీ, మంచాలు గట్టి, కిటికీలకి ఊచలు. అలెగ్జాండర్ ఆయుధం అబద్ధం. అమ్మ నన్ను సర్కస్ వాళ్లకి అమ్మేసింది అని బడిలో చెప్పే రకం వాడు. ఇంగెమార్ తన కష్టాన్ని చిన్నది చేసుకుని బతుకుతాడు, వీడు తన కష్టాన్ని కథగా పెంచుకుని బతుకుతాడు. బిషప్ దగ్గర ఆ కథలకి దెబ్బలు పడతాయి, నిజంగానే.

నిడివి విషయంలో జాగ్రత్త. రెండు రూపాలున్నాయి. థియేటర్‌ది మూడు గంటల ఎనిమిది నిమిషాలు, టీవీది అయిదు గంటలు దాటుతుంది. పొట్టిది చూసి, నచ్చితే పొడవుది చూద్దాం అనుకుంటే ఎప్పటికీ చూడరు. నేనైతే పొడవుదాన్నే సంక్రాంతి సెలవుల్లాంటి రోజుల్లో మూడు రాత్రులుగా పంచుకుని చూడమంటాను. శుక్రవారం రాత్రి ఆఫీసు నుంచి వచ్చి, అన్నం తిని, పదింటికి మొదలుపెట్టే సినిమా ఇది కాదు. అలాంటి రాత్రికి కుక్క సినిమానే. అది గంటా నలభై నిమిషాలు.

మూడోది చెబితే చాలామంది ఇది బాల్యం సినిమా ఎలా అవుతుంది అంటారు. 2008లో తోమస్ ఆల్ఫ్రెడ్‌సన్ తీసిన "లెట్ ద రైట్ వన్ ఇన్". రక్త పిశాచి సినిమా. స్టాక్‌హోమ్ శివారు బ్లాకెబెర్గ్, 1980ల మొదట్లో, అపార్ట్‌మెంట్ల మధ్య మంచు. పన్నెండేళ్ల ఓస్కార్‌ని బడిలో కొడుతుంటారు. వాడు తిరిగి ఏమీ అనడు. రాత్రి కత్తి పట్టుకుని చెట్టుని పొడుస్తాడు. పక్క వాటాలోకి ఏలి అనే అమ్మాయి వస్తుంది, చలికి చెప్పులు కూడా లేకుండా.

కుక్క సినిమాతో పక్కపక్కన పెట్టి చూడండి, ఎముకలు ఒకటే. పన్నెండేళ్ల ఒంటరి అబ్బాయి. ఆడపిల్ల అంటే ఇలా ఉండాలన్న చట్రంలో ఇమడని అమ్మాయి. అక్కడ సాగా ఫుట్‌బాల్ ఆడుతుంది, బాక్సింగ్ చేస్తుంది, టీమ్‌లోంచి తీసేస్తారని తాను అమ్మాయిననే సంగతే దాచుకుంటుంది. ఇక్కడ ఏలి దాచుకునేది ఇంకా పెద్దది. ఇద్దరు అబ్బాయిలకీ ఎదురు దెబ్బ కొట్టడం నేర్పేది అమ్మాయిలే. కాకపోతే ఒకచోట చేతికి బాక్సింగ్ గ్లౌజులుంటాయి, ఇంకోచోట చివర్లో ఈత కొలను ఉంటుంది. ఆ కొలను గురించి ఇంతకంటే చెప్పను.

రక్తం ఉంది, బాగానే ఉంది. కానీ నాకు ఎక్కువ బాధ కలిగించిన దృశ్యంలో రక్తం లేదు. అమ్మానాన్నలు విడిపోయారు. ఓస్కార్ నాన్న దగ్గరికి వెళ్తాడు. ఇద్దరూ కాగితం మీద గళ్ల ఆట ఆడుకుంటుంటారు, వాడి ముఖం వెలిగిపోతూ ఉంటుంది. తలుపు తోసుకుని నాన్న స్నేహితుడు ఒకడు వస్తాడు. సీసా బల్ల మీదకి వస్తుంది. ఆట ఆగిపోతుంది. ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు. అంతే. తాగే తండ్రులున్న ఇళ్లల్లో పెరిగినవాళ్లకి ఆ నిమిషం మిగతా సినిమా అంతటికంటే భయంగా ఉంటుంది.

పదహారు లోపు పిల్లలకి వద్దు. పెద్దవాళ్లు ఒంటరిగా, లైట్లు తీసేసి చూసుకోండి. 2010లో అమెరికన్లు మళ్లీ తీశారు, ఇంగ్లీషులో. అది పాడు సినిమా ఏమీ కాదు, కానీ ముందు స్వీడిష్‌దే చూడండి. ఇంకో చిన్న జాగ్రత్త. 2009లో అమెరికాలో వచ్చిన మొదటి డీవీడీలో సబ్‌టైటిల్స్ బాగా కత్తిరించి, సగం మాటలు మింగేశారు. అభిమానులు గొడవ చేస్తే తర్వాత థియేటర్ సబ్‌టైటిల్స్‌తో మళ్లీ తెచ్చారు. పాత డిస్క్ ఎవరైనా ఇస్తే అది ఏదో చూసి తీసుకోండి.

లూకాస్ మూడిసన్ సినిమాలు మూడున్నాయి, వీటిని ఒక కుటుంబంలా చూడొచ్చు.

మేనమామ మాట వచ్చింది కాబట్టి ముందు "టుగెదర్", 2000లో వచ్చింది. కొట్టే భర్తని వదిలేసి, ఇద్దరు పిల్లల్ని తీసుకుని ఎలిజబెత్ అన్న ఇంటికి వస్తుంది. పిల్లలకి ఇక్కడా మేనమామ ఇల్లే. కానీ ఆ ఇల్లు 1975 నాటి స్టాక్‌హోమ్‌లో ఒక కమ్యూన్, ఆదర్శాల కోసం కలిసి బతికేవాళ్ల ఇల్లు. గిన్నెలు కడగడం బూర్జువా పనా కాదా అని పెద్దవాళ్లు వాదించుకుంటూ ఉంటారు. గిన్నెలు సింకులోనే ఉంటాయి. పిల్లలు ఖాళీగా ఉండలేక అప్పటి చిలీ నియంత పినోచే పేరుతో ఆట ఆడతారు, ఒకడు నియంత, ఇంకోడు ఖైదీ. పార్టీ మీటింగులు జరిగే ఇళ్లల్లో పెరిగినవాళ్లు మనలోనూ ఉన్నారు. వాళ్లకి ఈ సినిమా చూస్తే నవ్వు ఆగదు, తర్వాత కాసేపు మాట రాదు. కుక్క సినిమాలో పెద్దవాళ్లు పిచ్చివాళ్లైనా పిల్లాణ్ణి పట్టుకుంటారు. ఇక్కడ పెద్దవాళ్లనే పిల్లలు భరించాలి.

"షో మీ లవ్" 1998ది. స్వీడిష్ పేరులో ఊరి పేరు ఓమోల్‌కి ముందు ఒక బూతు మాట ఉంటుంది, అందుకే బయట ఇంకో పేరుతో తిరిగింది. చిన్న ఊళ్లో విసుగెత్తిన ఎలిన్, స్నేహితులు లేని ఆగ్నెస్. ఇద్దరమ్మాయిల ప్రేమ కథ. ఆగ్నెస్ పదహారో పుట్టినరోజుకి అమ్మ ఎన్నో వండి పెడుతుంది, పిలిచినవాళ్లు మాత్రం దాదాపు ఎవరూ రారు. అది చూడ్డం కష్టం. ఆఖర్న చాక్లెట్ పాలు కలుపుకునే దృశ్యం ఉంది, అంత తీపి ముగింపు నేను ఎక్కువ చూడలేదు. పాల గ్లాసుతోనే ఏడిపించేవాళ్లు, పాల గ్లాసుతోనే నవ్వించేవాళ్లు, స్వీడన్ వాళ్లకి ఇదేదో పాల పిచ్చి. గంటన్నర కూడా ఉండదు. పదిహేను, పదహారేళ్ల వాళ్లకి సరిపోతుంది, అదీ ఇంట్లో మాట్లాడుకునే వాతావరణం ఉంటే.

"వియ్ ఆర్ ద బెస్ట్" 2013ది. ఇంట్లో పన్నెండు, పదమూడేళ్ల ఆడపిల్ల ఉంటే మిగతా వ్యాసం వదిలేసి ఇది పెట్టండి. 1982, స్టాక్‌హోమ్. బోబో, క్లారా అనే ఇద్దరు పదమూడేళ్ల పిల్లలకి వాయించడం రాదు. యూత్ సెంటర్‌లో పెద్దబ్బాయిల బ్యాండ్ గోల భరించలేక, రిహార్సల్ గది జాబితాలో వాళ్లు పేరు రాయలేదని కనిపెట్టి తమ పేరు రాసేస్తారు. అప్పుడు బ్యాండ్ పుడుతుంది. మొదటి పాట ఆటల పీరియడ్ మీద కోపంతో. ఒక్క స్వరం కూడా వాయించడం రాకపోతే ఎలా అని, చర్చికి వెళ్లే బుద్ధిమంతురాలు, గిటార్ నిజంగా వచ్చిన హెడ్విగ్‌ని కలుపుకుంటారు. తర్వాత ఆమె జుట్టు కత్తిరిస్తారు. ఆమె అమ్మకి కోపం వస్తుంది, న్యాయంగానే. బూతులు, ఒక తాగుడు దృశ్యం ఉన్నాయి. అయినా ఈ మొత్తంలో నవ్వుతూ లేచే సినిమా ఇదొక్కటే. దర్శకుడి భార్య కోకో మూడిసన్ తన బాల్యం మీద గీసిన బొమ్మల పుస్తకం దీనికి మూలం. అందుకేనేమో పిల్లల మాటల్లో పెద్దవాళ్ల గొంతు ఎక్కడా దూరలేదు.

"పెల్లె ద కాంకరర్" గురించీ అడుగుతుంటారు. 1987, బిల్లె ఆగస్ట్. స్వీడన్ నుంచి డెన్మార్క్ దీవికి కూలికి వెళ్లిన తండ్రీకొడుకుల కథ. కాన్ చలనచిత్రోత్సవం అత్యున్నత బహుమతి, ఆస్కార్ రెండూ వచ్చాయి. తండ్రిగా మాక్స్ వాన్ సీడో కోసం చూడాలి. కానీ ముందు చూడాల్సిన వాటిలో పెట్టను. అది రెండున్నర గంటల పేదరికం. దానికి సిద్ధపడి కూర్చోవాలి.

ఇక తొమ్మిదేళ్ల పిల్లాడి సంగతి. వాడికి నేను చెప్పి ఉండాల్సింది "ద చిల్డ్రన్ ఆఫ్ నాయిజీ విలేజ్". తమాషా ఏమిటంటే దీని దర్శకుడూ హాల్‌స్ట్రోమే, కుక్క సినిమా వచ్చిన మరుసటి ఏడాది, 1986లో తీశాడు. ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ పుస్తకాల నుంచి. అదే స్మోలాండ్, ఆమె పుట్టిన ప్రాంతం. మూడు ఇళ్లు, ఆరుగురు పిల్లలు, ఒక వేసవి. గడ్డివాములో పడుకోవడం, దుకాణానికి వెళ్లి కొనాల్సింది మర్చిపోవడం. ఎవరూ చనిపోరు. ఏమీ జరగదు అని పెద్దవాళ్లు విసుక్కుంటారు. పిల్లలు విసుక్కోరు, ఆ ఏమీ జరగకపోవడమే వాళ్లకి కావాల్సింది. సబ్‌టైటిల్స్ చదవడం రాని పిల్లలకి మీరు పక్కన కూర్చుని తెలుగులో చెబుతూ పోవచ్చు. మాటలు తక్కువ, తొందర లేదు.

సబ్‌టైటిల్స్ మాట వచ్చింది కనక, తెలుగువి ఉంటాయని ఆశ పెట్టుకోకండి, ఇంగ్లీషువే దిక్కు. డబ్బింగ్ ట్రాక్ కనిపించినా దాని జోలికి పోవద్దు. ఇంగెమార్ గొంతులో ఒక గరుకు ఉంటుంది, అది పోతే సగం పోయినట్టే. ఓటీటీల్లో ఇవాళ ఉన్నది రేపు ఉండదు, కాబట్టి కనబడిన రోజే చూసేయండి.

ఇంకా తేల్చుకోలేకపోతే ఇలా చెప్తాను. ఈ మధ్యే ఎవరైనా పోయిన ఇల్లైతే కుక్క సినిమా ఇప్పుడు వద్దు, ఆరు నెలలు ఆగండి. కానీ ఆగాక తప్పకుండా అదే చూడండి, "ఫానీ" కాదు. బెర్గ్‌మాన్ చావుని పెద్ద నాటకంగా చూస్తాడు, దెయ్యంగా వెనక్కి తెస్తాడు. హాల్‌స్ట్రోమ్ అలా తేడు. పోయినవాళ్లు పోయాక ఆ పిల్లాడు ఏం చేశాడో చూపిస్తాడు. మేనమామ కట్టిన వేసవి గదిలో తలుపేసుకుని, అమ్మనీ కుక్కనీ కలిపి ఒకేసారి ఏడుస్తాడు. అప్పటిదాకా లైకాతో పోల్చుకుంటూ నెట్టుకొచ్చిన లెక్క అక్కడ పనిచేయదు.

ఆ తర్వాత ముగింపు. 1959 జూన్ 26, న్యూయార్క్ యాంకీ స్టేడియం. స్వీడన్ బాక్సర్ ఇంగెమార్ యోహాన్సన్, మనవాడి పేరే, ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌ని మూడో రౌండ్లో ఏడుసార్లు పడగొట్టి హెవీవెయిట్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. స్వీడన్‌లో అప్పటికి అర్ధరాత్రి దాటింది. ప్రొఫెషనల్ బాక్సింగ్ మాకు గిట్టదని స్వీడన్ రేడియో ప్రసారం చేయనంటే, జనం రేడియో లక్సెంబర్గ్ పట్టుకుని విన్నారు. సినిమాలో ఊరంతా కేకలేస్తూ వీధిలోకి వస్తుంది. ఇంగెమార్, సాగా మాత్రం సోఫాలో ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోతుంటారు. పక్కన రేడియో మోగుతూనే ఉంటుంది.

మా చెల్లి కొడుక్కి మొన్న పదమూడు నిండాయి. వాడే ఫోన్ చేశాడు. "పెద్దమ్మా, ఆ కుక్క సినిమా మళ్లీ చూస్తా, ఒక్కణ్ణే. కానీ సిక్కాన్ ఏమైందో ఇప్పుడే చెప్పు, మధ్యలో తెలుసుకోవడం నావల్ల కాదు" అన్నాడు.

చెప్పాను.